చక్రము తేలికయైన క్షణము

ఉద్యోగార్థమై బెంగుళూరునకు తరలిపోవుచు మా అబ్బాయి తన గదిలో విడిచిపోయిన వస్తువులలో గిటారు వాని చెల్లెలికిని, పుస్తకములు చెదలకును దక్కగా, నా వంతునకు మిగిలినది ర్యాలీ ఆటల స్టీరింగు ఒక్కటియే. దానిని బల్ల అంచునకు మరలతో బిగించి, పెడళ్లను గోడకు ఆనించి, ఆడంబరముగా కూర్చుండి బ్రేకు తొక్కితిని. ఆటలోని కారు ఆగినదో లేదో కాని, నా కుర్చీ మాత్రము వెనుకకు దొరలిపోయి పుస్తకాల బీరువాను తాకినది. కుర్చీకి అయిదు చక్రములు. నాలుగింటి క్రింద రెండు జతల పాత చెప్పులును, అయిదవ దాని క్రింద ఒక కొబ్బరిచిప్పయు పెట్టిన పిమ్మట గాని సారథ్యము సాగలేదు.

ఈ స్టీరింగునకు ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ అను గుణము కలదు. ఆటలోని కారు ముందుచక్రములకు నేల వలన కలుగు ప్రతిఘటనను కంప్యూటరు క్షణక్షణము లెక్కగట్టగా, స్టీరింగు లోపలి మోటారు ఆ లెక్కను బలముగా మార్చి మన చేతులకు అందించును. బలము వచ్చుటకే గదా ఈ యంత్రమని తలంచి, సెట్టింగులలో కనబడిన ప్రతి గీతను నూటికి నూరునకు జరిపి, డర్ట్ ర్యాలీ 2.0 అను 2019 నాటి ఆటలో గ్రీసు దేశపు ఆర్గోలిస్ రాళ్లదారిని పట్టితిని. అరగంటలో మణికట్లు పీకినవి, బల్ల కదలినది, కారు మూడు మార్లు లోయలో పడినది; ఇంత బలము చేతులలోనికి వచ్చుచున్నను, చక్రముల క్రింద ఏమి జరుగుచున్నదో నాకు ఇసుమంతయు తెలియలేదు.

కారణము పిదప బోధపడినది. నా వద్దనున్న పళ్లచక్రాల మాదిరి స్టీరింగు ఇయ్యగల బలము సుమారు 2 న్యూటన్ మీటర్లు. డైరెక్ట్ డ్రైవ్ అను ఖరీదైన మాదిరులలో 5, 8, ఇంకను పైకి ఉండవచ్చును. బలమును నూరునకు పెట్టితిమేని, ఆట మూడు అడిగినను మోటారు ఇచ్చునది రెండే, నాలుగు అడిగినను రెండే. మూడునకును నాలుగునకును నడుమనున్న భేదము, అనగా రాయికిని ఇసుకకును గల భేదము, అక్కడనే తెగిపోవును. దీనిని క్లిప్పింగ్ అందురు. ధనుర్మాసమున తెల్లవారుజామున గుడి మైకును పూర్తిగా పెంచినపుడు, వీధి యంతయు దద్దరిల్లినను అయ్యవారు చదువునది ఏ పాశురమో తెలియకుండుట ఇట్టిదే. గీతను అరువది రెండునకు దించితిని. చేతికి వచ్చు బలము తగ్గినది, వార్త పెరిగినది.

ఆ వార్తలలో మిక్కిలి విలువైనది, వింతగా, బలము కాదు, బలము సన్నగిల్లుట. మలుపులో టైరు నేలను పట్టి ప్రక్కకు నెట్టునపుడు, ఆ నెట్టుబలము టైరు తాకిడి నడిబొడ్డున గాక ఒకింత వెనుకగా పనిచేయును. ఆ కొద్ది ఎడమే స్టీరింగును తిన్నని స్థితికి తిరిగి తెచ్చు బలమునకు ఒక మూలము. స్టీరింగును మరింత తిప్పిన కొలది ఆ ఎడము కుంచించుకొనిపోవును, అదియును టైరు తన పట్టును పూర్తిగా కోల్పోవుటకు ఒక్క అర నిమేషము ముందుగనే. అందుచేత చక్రము చేతిలో ఉన్నట్టుండి తేలికయైనదనిన, జారుట ఇంకను మొదలుకాలేదనియు, కాబోవుచున్నదనియు అర్థము. తారురోడ్డు మీద ఇది స్పష్టముగా వినవచ్చును. కంకరదారిలో చెవియొగ్గి వినవలెను.

కంకరదారి సంగతి వేరు. అక్కడ కారు వెనుకభాగము బయటకు జారుటయే మలుపు తిరుగు పద్ధతి. అట్లు జారినపుడు ముందుచక్రములు, తమ కుదురు వాలుగా ఉండుటచే, కారు పోవుచున్న దిక్కునకు తమంతట తామే తిరుగజూచును. స్టీరింగు మన ప్రమేయము లేకయే ఎదురు దిశకు పరుగెత్తును. నేను దానిని ఉడుముపట్టు పట్టి, తప్పు దిద్దుచున్నానని భ్రమించి, కారును బొంగరము వలె త్రిప్పుచుంటిని. ఫోనులో నా గోడు విని మా వాడు నవ్వి, "నాన్నా, మీరు తిప్పుతున్నారు. దాన్ని తిరగనివ్వండి," అనెను. చేతులు వదులు చేసితిని. అయినను చక్రము బద్ధకించినది. వెదకగా, రాపిడిని అనుకరించు గీత ఒకటి యింకను నూరులోనే ఉండెను. దానిని దాదాపు సున్నకు దించిన గాని చక్రమునకు స్వేచ్ఛ రాలేదు. బాహుకుడై రథము తోలిన నలుడు, ఋతుపర్ణుని ఉత్తరీయము జారిపడినదని విన్నంతలోనే ఆమడ దాటినాడన్న కథ నాకు చిన్ననాట వేగమును గూర్చిన కథ. అశ్వహృదయమను విద్య పేరులో హృదయమున్నది గాని వేగము లేదన్న సంగతి ఇప్పుడు తోచినది. ఆ విద్యను నలుడు మార్చుకొన్నది అక్షహృదయముతో, అనగా జూదపుటాట మర్మముతో. కావున నా ఆటను వెక్కిరించు ఇంటివారికి ఇదియే నా సమాధానము.

తక్కిన సర్దుబాట్లు చిన్నవి. రెండున్నర చుట్లు, అనగా 900 డిగ్రీలు తిరుగు స్టీరింగును 540కి కుదించితిని, లేనిచో హెయిర్‌పిన్ మలుపులలో చేతులు మెలికపడును. బ్రేకు క్రింది రబ్బరుముక్క మిక్కిలి బిరుసు. మోకాలు ఒప్పుకొనలేదు గాని అలవాటైనది.

అబ్బాయి కంప్యూటరులో పాత ఆట ఒకటి కూడ దొరకినది: 2004లో వచ్చిన రిచర్డ్ బర్న్స్ ర్యాలీ. ఇరువదేండ్లు దాటినను దానిని విడువనివారు నేటికిని ఎందరో కలరు. 2001లో ప్రపంచ ర్యాలీ విజేతయైన తొలి ఆంగ్లేయుడు బర్న్స్. అందలి ర్యాలీ బడిలో పాఠము చెప్పు గొంతు ఆయనదే. 2003లో మెదడు కణితి బయటపడినది. విజేతయైన నాటికి సరిగా నాలుగేండ్లకు, 2005 నవంబరు 25న, ముప్పది నాలుగేండ్ల ప్రాయమున ఆయన పోయెను. రాత్రి భోజనమైన తరువాత నేను తప్పిన పాఠమునే తిరిగి మొదలుపెట్టినపుడెల్ల, ఆ గొంతు విసుగు లేక మొదటినుండి చెప్పుచుండును.

మొన్న వికారాబాదు దాటి అనంతగిరి కొండదారిలో మా సొంత కారు నడుపుచుంటిని. లారీకి దారి ఇచ్చుటకై ఎడమచక్రములను మట్టి అంచునకు దింపగా, గులకరాళ్లు అడుగుభాగమున టపటప తగులుట చెవులకు వినబడుచుండెను. పవర్ స్టీరింగు మాత్రము అంతయు జల్లెడపట్టి, వెన్నవలె తిరుగుచుండెను. నా చేతులు కొంతసేపు వేచియుండినవి.