మెట్ట కొండ

మా నకరికల్లులో ఎవరి పొలం ప్రస్తావన వచ్చినా మొదట అడిగే ప్రశ్న ఒకటే: కాలవ కిందా, మెట్టా? ఎన్నెకరాలు, ఏం వేశారు, మిర్చి ఎన్ని క్వింటాళ్ళు దిగింది అన్నవి తర్వాత. 1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలవలకు నీళ్ళు వదిలిన నాటి నుంచీ పల్నాడులో మనుషుల్ని కూడా ఈ లెక్కనే అంచనా వేస్తున్నారు, పిల్లనిచ్చేటప్పుడు మరీను. 2018 నవంబరులో గోదావరి–పెన్నా అనుసంధానానికి మా ఊళ్ళోనే శంకుస్థాపన చేసినప్పుడూ అరుగుల మీద నడిచిన చర్చ అదే, ఎవరి మెట్టకు నీళ్ళొస్తాయని.

ఈ వారం రాయబోయేది పొలం గురించి కాదు, మంచుకొండ మీద స్కీయింగ్ గురించి. మే నెలలో కాకులు కూడా నీడ వెతుక్కునే ఊళ్ళో కూర్చుని ఇదేం కాలమ్ అని నవ్వుకుంటే నవ్వుకోండి. మసాచుసెట్స్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో నాకు నిజంగా అబ్బిన విద్య అదొక్కటే (ఉద్యోగం సంగతి అడక్కండి). అయితే ఆ విద్య నాకు బోధపడింది మాత్రం మా నాన్న పొలం లెక్కలోనే.

బోస్టన్‌కు పడమట వూస్టర్ అనే ఊరుంది. దాని పక్కన ష్రూస్‌బరీ, వెస్ట్‌బరో వైపు మన తెలుగు కుటుంబాలు బాగానే ఉన్నాయి. అక్కడి నుంచి కారులో కాసేపట్లో చేరుకునే కొండ వాచూసెట్. శిఖరం ఎత్తు 2,006 అడుగులు. 1842లో రచయిత థోరో నడుచుకుంటూ వచ్చి ఎక్కి, దాని మీద వ్యాసం రాశాడు. స్కీ చేసే వాలు పై నుంచి కిందకు నిలువు లెక్కలో వెయ్యి అడుగులే. కొలరాడో వాళ్ళు దీన్ని కొండల్లో జమ కట్టరు. కానీ ఆఫీసు అయ్యాక సాయంత్రం ఆరింటికి వెళ్ళి, దీపాల వెలుగులో నాలుగుసార్లు దిగి, తొమ్మిదిన్నరకు ఇంటికొచ్చి అన్నం తినొచ్చు. మన పిల్లలు అక్కడే నేర్చుకుంటారు. స్కీల ముందు కొసలు దగ్గరగా, వెనక కొసలు దూరంగా పెడితే వేగం తగ్గుతుంది, దాన్ని ‘పిజ్జా’ అంటారు. రెండూ సమానంగా పెడితే ‘ఫ్రెంచ్ ఫ్రైస్’. ఐదేళ్ళ పిల్లలు పిజ్జా, పిజ్జా అనుకుంటూ పక్క నుంచి దిగిపోతుంటే, ఎమ్మెస్ చదివిన తల్లులు అదే వాలు మీద కూలబడి ఉంటారు. నేనూ వాళ్ళలో ఒకదాన్ని.

వాచూసెట్ పూర్తిగా కాలవ కింది కొండ. ఆకాశం మంచు కురిపించకపోయినా అక్కడ మంచు ఉంటుంది. వాలు పొడవునా గొట్టాలు, వాటి కొసన మంచు ఫిరంగులు. నీటిని సన్నటి తుంపరగా చేసి, గాలి ఒత్తిడితో చల్లటి గాలిలోకి చిమ్మితే నేల మీద పడేలోపు గడ్డకడుతుంది. చలి, గాలిలో తేమ రెండూ కుదరాలి. ఒక ఎకరం మీద ఒక అడుగు మందాన మంచు పరచాలంటే దాదాపు 7 లక్షల లీటర్ల నీళ్ళు కావాలి. ఈ పద్ధతి పుట్టింది 1950లో, పొరుగునే ఉన్న కనెటికట్ రాష్ట్రంలో. వేన్ పియర్స్, ఆర్ట్ హంట్, డేవ్ రిచీ అనే ముగ్గురు టే అనే చిన్న ఫ్యాక్టరీలో స్కీలు తయారుచేసేవాళ్ళు. ఆ చలికాలం మంచు పడక స్కీలు అమ్ముడుపోలేదు. రంగులు కొట్టే కంప్రెసర్‌కు తోట గొట్టం తగిలించి, మార్చి నెల చలిలో నీళ్ళు చిమ్మి చూశారు. ఆ రాష్ట్రంలోనే మొహాక్ కొండ నడిపే వాల్ట్ షోనెక్ట్ అంతకుముందే లారీలకొద్దీ ఐసు దిమ్మలు తెప్పించి, నలగ్గొట్టి వాలు మీద పరిపించిన మనిషి. నీళ్ళు లేని రైతు చేసే పనులన్నీ వాళ్ళూ చేశారన్నమాట.

ఈ మంచును నకిలీ అని తీసిపారేసే స్కీ పెద్దమనుషులు కొందరుంటారు. వాళ్ళంటే నాకు గిట్టదు. సాగర్ నీళ్ళు రాకపోతే మా ఊళ్ళో రోజూ వరన్నం ఉండేది కాదు, మాలాంటి మెట్ట ఇళ్ళలో చదువూ ఉండేది కాదు. ఫిరంగులు లేకపోతే ఆఫీసు వేళలకు లోబడిన నాలాంటిది స్కీ నేర్చుకునేదీ కాదు. కాకపోతే తేడా ఉంది, అది కాళ్ళకు తెలుస్తుంది. ఫిరంగి మంచు చిన్న చిన్న గడ్డల రాశి. బరువెక్కువ, గాలి తక్కువ. రాత్రంతా యంత్రాలు దాన్ని దువ్వి చదును చేస్తాయి. దాని మీద స్కీ అంచు నేలను కొరకాలి. ఒక కాలి మీద బరువు మోపి అంచు వంచితే స్కీ తనంతట తానే తిరుగుతుంది. 1993లో ఎలాన్ అనే స్లొవేనియా కంపెనీ నడుము సన్నగా, కొసలు వెడల్పుగా ఉండే స్కీలు తెచ్చాక ఆ తిరగడం మామూలు మనుషులకూ అందింది. నేను నేర్చుకున్నది ఆ పద్ధతే.

2015 జనవరి చివర్లో తుఫాను వచ్చింది. వూస్టర్‌లో ఒక్క తుఫానులో 34.5 అంగుళాల మంచు, ఆ ఊరి రికార్డు. ఆ చలికాలం మొత్తానికి బోస్టన్‌లో 110.6 అంగుళాలు. వూస్టర్ తుఫాను సంగతి ఫోన్‌లో చెబితే మా నాన్న కాసేపు ఆలోచించి అడిగాడు.

“అది కరిగితే ఎంత వాన కింద లెక్క అమ్మాయ్?”

“పదంగుళాలకు ఒక అంగుళం నాన్నా, ఉజ్జాయింపున.”

“అంటే మూడంగుళాలు. చెరువు నిండదు గానీ పదును మాత్రం బాగా దిగుతుంది.”

మంచు శాస్త్రంలో మొదటి పాఠం అదే. కొత్తగా పడిన మంచులో పదింట తొమ్మిది వంతులు గాలి. చలి ఎక్కువై పొడిగా పడితే గాలి పాలు ఇంకా పెరుగుతుంది. న్యూ ఇంగ్లండ్ మంచు సముద్రపు తేమతో కాస్త బరువుగానే ఉంటుంది. అయినా మొదటి పూట దాని మీద నిలబడితే నిలబడినట్టే ఉండదు.

నేర్చుకున్నదంతా ఆ పూట పనికిరాకుండా పోతుంది. అంచు కొరకడానికి కింద గట్టిదనం దొరకదు. ఒక కాలి మీద బరువేస్తే ఆ కాలు మునిగి, రెండోది పైకి తేలి, మనిషి రెంటికీ మధ్య చీలిపోతాడు. రెండు పాదాలూ దగ్గరగా, బరువు చెరి సగం పెట్టాలి. మలుపును లాగకూడదు, దానికి తిరిగే వ్యవధి ఇవ్వాలి. గట్టి వాలు మీద వేగం పెరిగితే భయం; లోతు మంచులో వేగం తగ్గితే దిగబడిపోతాం, కాబట్టి భయమేసే వేగమే అక్కడ ఆధారం. వెనక్కి వాలి కూర్చోవాలని ఒళ్ళు మారాం చేస్తుంది. కూర్చున్నామా, రెండు మలుపుల్లో తొడలు మండిపోతాయి. మోకాళ్ళు వంచి లేస్తూ, దిగుతూ ఒక ఊపులో సాగితే స్కీలు ప్రతి మలుపు చివరా కొద్దిగా పైకి తేలతాయి. ఆ తేలినప్పుడే వాటిని తిప్పాలి. ఎవరూ పుస్తకంలో చెప్పలేని సంగతి అది. నాకైతే మొదట్లో ఒక దిగుడులో ఒక్క మలుపు కుదిరేది, మిగతావన్నీ పడటాలు.

పడితే దెబ్బ తగలదు. లేవడమే పెద్ద యాతన. చెయ్యి ఆనిస్తే భుజం దాకా దిగుతుంది. చేతికర్రలు రెండూ గుణకారం గుర్తులాగా పరిచి, వాటి మధ్య అదిమి లేవాలి. ఊడిపోయిన స్కీ కోసం అందరూ పడిన చోటికి కింద వెతుకుతారు. అది సాధారణంగా పైనే, మంచు కింద ఎక్కడో ఉంటుంది. మంచు పడుతుండగా దిగేటప్పుడు నేలకూ ఆకాశానికీ తేడా తెలియదు, నీడలుండవు. అందుకే అనుభవమున్నవాళ్ళు వాలు నడుమ కాకుండా చెట్ల వారనే దిగుతారు. మానుల నలుపు కంటికి ఆనవాలు.

ఇదంతా రెండు మూడు గంటల ముచ్చట. పదకొండయ్యేసరికి జనం తొక్కి గుట్టలు గుట్టలు చేస్తారు. మధ్యాహ్నం ఎండ పొడిస్తే పైపొర తడుస్తుంది, రాత్రికి గడ్డకడుతుంది. ఒక్కోసారి మంచు వెనకే వాన కూడా దిగి అంతా పాడు చేస్తుంది. పదును ఆరకముందే విత్తనం పడాలన్న తొందర అది. రాత్రి వాన పడితే మా నాన్న తెల్లారకముందే గొర్రు సర్దుకునేవాడు, పిలవాల్సిన కూలీల పేర్లు నిద్రలోనే లెక్కపెట్టుకునేవాడు. నేనూ అదే చేసేదాన్ని: స్కీలకు మైనం ముందే పట్టించి, బూట్లు హీటరు పక్కన పెట్టి, నిద్రపోయే ముందు వాతావరణం చూసి, పొద్దున్నే మేనేజరుకు ఒక గౌరవప్రదమైన మెయిల్ పెట్టి. సంవత్సరమంతా సిద్ధంగా ఉండి ఒకట్రెండు పొద్దులకు వాడుకోవడం మెట్ట రైతు ఇంట్లో పుట్టినవాళ్ళకు వింతగా అనిపించదు. కాలవ కింద పెరిగిన మా వారికి మాత్రం అదొక పిచ్చి.

అసలైన మెట్ట కొండ చూసింది వెర్మాంట్‌లో. దాని పేరు మ్యాడ్ రివర్ గ్లెన్. రోలండ్ పాల్మెడో అనే ఆయన 1948లో మొదలుపెట్టాడు. స్కీయింగ్ వ్యాపారం కంటే ముందు క్రీడ అని నమ్మినవాడు. అక్కడ ఫిరంగులు చాలా కొద్ది చోట్ల తప్ప లేవు. ఆకాశం ఇస్తే తెరుస్తారు, ఇవ్వకపోతే మూసుకుని కూర్చుంటారు. కొండ పైకి చేర్చే కుర్చీలో ఒక్కరే పడతారు. మిగతా చోట్ల నలుగురు, ఆరుగురు కూర్చునే లిఫ్టులు వచ్చిన కాలంలో, 2007లో పాతదాన్ని విప్పి బాగుచేసినప్పుడు కూడా ఒంటి కుర్చీనే ఉంచారు. పాత ముచ్చటతో పాటు ఒక లెక్క కూడా ఉంది. గంటకు తక్కువ మంది పైకి వెళితే కొత్త మంచు ఎక్కువ సేపు నిలుస్తుంది. తోడు లేకుండా, మాట లేకుండా, ముఖానికి గాలి కొడుతుంటే అంతసేపు పైకి వెళ్ళడం మొదటిసారి నాకు నచ్చలేదని చెప్పాలి.

1995లో యజమానురాలు బెట్సీ ప్రాట్ ఆ కొండను ఏ కంపెనీకీ అమ్మకుండా, దాని మీద స్కీ చేసేవాళ్ళకే అమ్మింది. వాళ్ళు షేర్లు కొని సహకార సంఘంగా ఏర్పడ్డారు. మన దగ్గర సహకార సంఘమంటే పంట రుణాలూ పాలకవర్గం గొడవలూ గుర్తొస్తాయి గానీ, మెట్ట భూమిని నలుగురూ కలిసి పంచుకుని నష్టాన్ని కూడా పంచుకునే ఆలోచన నాకు బాగా అర్థమైంది. మంచు పడని ఏడు ఎవరూ ఎవరినీ తిట్టుకోరు. తిట్టుకున్నా అందరూ యజమానులే.

మిగతా చిన్న కొండల దారి వేరుగా ఉంది. 2012 డిసెంబరులో, పెద్ద పెద్ద స్కీ కొండలు నడిపే వెయిల్ కంపెనీ మినసోటాలో ఆఫ్టన్ ఆల్ప్స్‌నూ, మిషిగన్‌లో మౌంట్ బ్రైటన్‌నూ కొనేసింది. మౌంట్ బ్రైటన్ నిలువు ఎత్తు 230 అడుగులు. డెట్రాయిట్ చుట్టుపక్కల మన పిల్లలు మొదటిసారి కాలు పెట్టే గుట్ట అది. అంత పెద్ద కంపెనీకి ఈ గుట్ట ఎందుకంటే, ఇక్కడ నేర్చుకున్నవాడు రేపు సీజన్ పాసు కొని కొలరాడోలో వాళ్ళ పెద్ద కొండకే వస్తాడని. ఆ పెద్ద కొండల్లో కౌంటరు దగ్గర కొనే ఒక్కరోజు టికెట్టు 300 డాలర్లు దాటింది. విత్తనాలమ్మేవాడే చివరికి పంట కొనేవాడూ కావడం పల్నాడు మిర్చి రైతుకు కొత్తగా వివరించక్కర్లేదు.

మన దేశంలో స్కీయింగ్ దాదాపు మొత్తం మెట్టే. గుల్మార్గ్‌లో 2024 జనవరిలో చాలా రోజులు నేల గోధుమ రంగులో ఉంది. మంచు ఆ నెల చివర్లో గాని రాలేదు. 2025లో అక్కడ జరగాల్సిన ఖేలో ఇండియా వింటర్ గేమ్స్ ఫిబ్రవరి నుంచి మార్చికి వాయిదా పడ్డాయి, మంచు లేకనే. మన వైపు డిసెంబరు రాగానే లంబసింగి ఫోటోలకు కశ్మీరు పేరు పెట్టి వాట్సాప్‌లో తిప్పుతారు. అక్కడ ఉండేది పొగమంచూ, గడ్డి మీద తెల్లారి పట్టే నూగూ. చూడ్డానికి బాగుంటుంది గాని స్కీ వేసుకుంటే కాఫీ తోటలోకి నడవడం తప్ప చేసేదేం లేదు.

నరసరావుపేట నుంచి కొందరు కుర్రాళ్ళు ఈ చలికాలం వెళ్దామని సలహా అడిగారు. ఔలీ, గుల్మార్గ్, నార్కండా మూడూ మంచివే. రోడ్డు పక్కన గంటకింతని స్కీలు తగిలించి ఫోటో తీసి పంపేవాళ్ళ జోలికి పోకండి. ఔలీలో గఢ్వాల్ మండల్ వాళ్ళవీ, గుల్మార్గ్‌లో కేంద్ర ప్రభుత్వ స్కీయింగ్ సంస్థవీ కోర్సులుంటాయి, వాటిలో చేరండి. బూటులో మడమ లేవకూడదు. చలి అని రెండు జతల మేజోళ్ళు వేసుకుంటే పాదం నలిగి ఇంకా చల్లబడుతుంది, ఒక్కటే పల్చటిది చాలు. మొదట ఆగడం, పడటం, లేవడం నేర్చుకోండి. రాత్రి కొత్త మంచు పడితే సంబరమే గాని, కట్టిన తాళ్ళు దాటి పై వాలులకు ఒక్కళ్ళూ పోవద్దు. 2024 ఫిబ్రవరి 22న గుల్మార్గ్‌లో కొత్తగా పడిన మంచు చరియలు విరిగిపడి ఒక రష్యన్ స్కీయర్ చనిపోయాడు.

తేదీల సంగతి కూడా అడిగారు. సంక్రాంతి సెలవులకని ఆరు నెలల ముందు బుక్ చేసుకోవడం మెట్టలో నెల ముందే విత్తడం లాంటిది. జనవరి ఆఖరు నుంచి ఫిబ్రవరి దాకా సెలవు చేతిలో ఉంచుకుని, అక్కడ మంచు పడిందని తెలిశాక బయల్దేరండి. ముందే కొనక తప్పకపోతే క్యాన్సిల్ చేస్తే డబ్బు తిరిగొచ్చే టికెట్టే కొనండి.