వెండితీగ ప్రబంధం

అష్టాదశ వర్ణనలతో ప్రబంధాలు రాసేవాళ్లు ఇప్పుడెవరున్నారండీ అని బెంగపెట్టుకున్న సాహిత్యాభిమానులు నిరాశ పడనక్కరలేదు. ఆ విద్య చావలేదు. హెడ్‌ఫోన్ల కేబుళ్లు అమ్మేవాళ్ల చేతికి చేరింది, అంతే. ఒక్క తీగ మీద రెండేసి పేజీలు. రాగి తీగ అయితే పాటకి వెచ్చదనం వస్తుందట. వెండి తీగ అయితే తళుకు. రెండూ కలిపి పేనితే వెచ్చటి వెన్నెలట! గాయకుడి గొంతు చుట్టూ గాలి ఆడుతుందట. వీణకీ మృదంగానికీ నడుమ నల్లటి నిశ్శబ్దం పరుచుకుంటుందట. వేదిక వెడల్పయిపోతుందట. ఉత్ప్రేక్ష మీద ఉత్ప్రేక్ష, అతిశయోక్తి మీద అతిశయోక్తి. చిట్టచివర మాత్రం ఒక్క స్వభావోక్తి: పొడవు 1.2 మీటర్లు అని.

సంగతి తెలియనివారి కోసం రెండు ముక్కలు. ఖరీదైన హెడ్‌ఫోన్లకి వైరు విడిగా ఊడివస్తుంది. కంపెనీవాడిచ్చింది తీసేసి, అంతకన్నా గొప్పది తగిలించుకుంటే పాట బాగుపడుతుందని ఒక నమ్మకం. ఆ గొప్ప వైరు వెల రెండువేల దగ్గర మొదలై లక్ష దాటిపోతుంది.

మా మేనల్లుడికి హైదరాబాదులో ఉద్యోగం. ఏడాదిపాటు కూడబెట్టి సెన్‌హైజర్ హెచ్‌డీ 650 కొన్నాడు. అది 2003లో వచ్చిన మోడల్, ఇప్పటికీ దాని మంచిపేరు చెక్కుచెదరలేదు. పండక్కి విస్సన్నపేట వచ్చి, ఈ ప్రకటనలన్నీ నా ముందు పరిచి, "మావయ్యా, పుస్తకాలన్నిటికీ విమర్శ రాస్తావు గదా, వీటిల్లో ఏది మంచిదో చెప్పు" అన్నాడు. వాడి కన్నేమో ముప్పయి అయిదు వేల రూపాయల వెండితీగ మీద పడింది. గుర్రమంత వెల కళ్లేనికీ అన్నమాట. పోనీ, అది చెల్లెలి కాలేజీ ఫీజు కట్టేశాక మిగిలిన డబ్బా అంటే కాదు. ఫీజులోంచి తీసి, మళ్లీ ఎలాగో సర్దుదామని వాడి ఊహ. అందుకని ఈ సమీక్ష మామూలుకన్నా కాస్త శ్రద్ధగానే చేశాను.

నిజానికి కేబుల్ కొనడం గురించి మా వైపు వాళ్లకి ఒకరు పాఠం చెప్పనక్కరలేదు. మామిడితోటలకి బోర్లలో మోటార్లు దింపేవాళ్లు. అయిదు హార్స్‌పవర్ మోటారు ఏడెనిమిది ఆంపియర్లు లాగుతుంది. సన్నవైరు కట్టి లోతుకి దింపితే వోల్టేజి దారిలోనే దిగిపోతుంది, మోటారు వేడెక్కి కాలిపోతుంది. అందుకని కొట్లో నుంచున్న రైతు చూసేవి ముఖ్యంగా రెండే: బోరు ఎంత లోతు, వైరు ఎంత మందం. ఈ వైరు వేస్తే మోటారు రొద మృదువుగా వినపడుతుందా అని ఏ రైతూ అడగ్గా నేను చూళ్లేదు.

మేనల్లుడి హెడ్‌ఫోన్లకీ ఇదే లెక్క కట్టాను. వాటి నిరోధం 300 ఓమ్‌లు. చెవులు హోరెత్తేంత గట్టిగా మోగడానికి ఒక వోల్టు చాలు. అంటే తీగలో పారేది మూడు మిల్లీ ఆంపియర్ల పైచిలుకు, మోటారు లాగేదాంట్లో సుమారు రెండువేలో వంతు. వెండి రాగికన్నా విద్యుత్తును బాగా పంపుతుందన్న మాట నిజమే. ఎంత బాగా? ఆరు శాతం. రాగి తీగ వెంట్రుకవాసి మందంగా ఉంటే ఆ ఆరూ అక్కడికక్కడే చెల్లు. (బంగారం రాగికన్నా వెనకబడినదే. ప్లగ్గుకి దాని పూత పూసేది చిలుము పట్టకుండా.) తీగకి అర ఓమ్ నిరోధం ఉందనుకుందాం. దాన్ని పూర్తిగా సున్నా చేసినా, 300 ఓమ్‌ల ముందు వచ్చే తేడా డెసిబెల్‌లో వందోవంతుకి కాస్త పైన. అది వినగల చెవి మనిషికి లేదు.

"లెక్కలు కాదు మావయ్యా, విని చెప్పు" అన్నాడు వాడు. న్యాయమే. పద్యం చదవకుండా ఛందస్సు చూసి తీర్పు చెప్పేవాణ్ణి విమర్శకుడనరు. స్నేహితుడి దగ్గర అరువు తెచ్చిన వెండితీగ వాడి సంచీలో ఉండనే ఉంది. ముందు వాడి ఇష్టప్రకారమే మాయాబజార్ (1957) లోని పడవ పాట పెట్టాం. తీగ మార్చగానే వేదిక విశాలమయింది చూడు అన్నాడు. వాడి దగ్గరున్నది పాత మోనో రికార్డింగు. అంటే రెండు చెవులకీ వెళ్లేది ఒకటే ధ్వని. కుడీ ఎడమా లేని పాటకి వెడల్పు ఎక్కణ్ణుంచి వస్తుందండీ? ఆ సినిమాకి 2010లో రంగులద్ది విడుదల చేసినప్పుడు ధ్వనిని కూడా చుట్టూ పరిచారు. అది మనుషులు కూర్చుని చేసిన పని.

తర్వాత వాణ్ణి అటు తిప్పి కూర్చోబెట్టాం. నా చెవులు అరవై దాటినవి, పై శ్రుతులు ఎప్పుడో సెలవు పుచ్చుకున్నాయి. కనక పరీక్ష వాడికే. వాల్యూమ్ కదపకుండా, నాణెం ఎగరేసి, బొమ్మ పడితే వెండి, బొరుసు పడితే రాగి. తీగ వాడి ఒంటికి తగలకుండా మార్చే పని మా ఆవిడది. పన్నెండుసార్లు మార్చింది. ఏడు సరిగ్గా చెప్పాడు, అయిదు తప్పాడు. "గోడ నడిగినా ఆరు చెబుతుంది కదరా" అని ఆవిడ కాఫీ పెట్టడానికి లేచి వెళ్లింది.

అంతమాత్రాన వాడు మొదట విన్నది అబద్ధమని నేననను. రసం కావ్యంలో ఉందా, సహృదయుడిలో ఉందా అని మన ఆలంకారికులు శతాబ్దాలపాటు తగువులాడారు. అంత డబ్బు పోసి, కళ్లు మూసుకుని, మునుపెన్నడూ లేని శ్రద్ధతో వింటే, ఇన్నాళ్లూ వినపడని వీణ మీటు వినపడుతుంది. ఆ మీటు పాటలో మొదట్నించీ ఉన్నదే. శ్రద్ధ వాడిది. ఆ రెంటినీ తీగ ఖాతాలో రాసుకుని బిల్లు వేస్తున్నారు చూశారూ, నా పేచీ అక్కడ.

ఇంకో కనికట్టు కూడా ఉంది. కొత్త తీగ చివర తరచు 4.4 మిల్లీమీటర్ల బ్యాలెన్స్‌డ్ ప్లగ్గు ఉంటుంది. చాలా యాంప్లిఫయర్లలో ఆ రంధ్రానికి వోల్టేజి దాదాపు రెట్టింపు. కాస్త గట్టిగా మోగిన పాట మనిషికి మెరుగైన పాటలా తోస్తుంది. వాల్యూమ్ సమం చెయ్యకుండా పోల్చడమంటే, ఒకణ్ణి మైకు ముందూ ఇంకొకణ్ణి మైకు లేకుండానూ పాడించి బహుమతి ఇవ్వడమే.

అలాగని తీగ మార్చడమే దండగ అనడం కూడా తొందరపాటే. చెవిలో దోపుకునే వాటిల్లో కొన్నిటికి ఒక్కో చెవికీ నాలుగైదు బుల్లి స్పీకర్లుంటాయి. వాటి నిరోధం ఒక శ్రుతి దగ్గర ముప్పయి ఓమ్‌లుంటే ఇంకో శ్రుతి దగ్గర అయిదుకి దిగిపోవచ్చు. అక్కడ తీగలో ఒక్క ఓమ్ పెరిగినా స్వరాల పాళ్లు మారతాయి, వినపడతాయి కూడా. కొన్ని తీగలు చొక్కాకి రాసుకున్నప్పుడల్లా చెవిలో గరగరమంటాయి. వాటిని మార్చాల్సిందే. ఇక హెచ్‌డీ 650తో వచ్చే మూడు మీటర్ల వైరు, మంచం మీద పడుకుని వినేవాడి కాళ్లకి చుట్టుకుంటుంది. పొట్టిది కొనుక్కోవడానికి ఇంతకన్నా కారణం అక్కరలేదు. మావాడు రెండువేలలోపు మెత్తటి రాగితీగ, మీటరున్నరది, తెప్పించుకున్నాడు. చెల్లెలి ఫీజు జోలికి పోలేదు.

ఎవరు ఏది కొన్నా ఒక్కటి మాత్రం ఇంట్లో చూసుకోండి. ఈ హెడ్‌ఫోన్ల తీగ చివర రెండు పిన్నుల్లో ఒకటి లావు, ఒకటి సన్నం, కనక తిరగేసి గుచ్చడం కుదరదు. కానీ చేత్తో అతికేవాళ్లు లోపల ఒక పక్క తీగలు తారుమారు చేస్తే బయటికి కనపడదు. పాత మోనో పాట ఒకటి పెట్టండి. గొంతు సరిగ్గా తల మధ్యలో నిలబడాలి. అలాకాక ఎక్కడుందో తెలియకుండా బోలుగా రెండు పక్కలకీ చెదిరిపోయిందా, అతుకు తప్పిందన్నమాట. వేదిక మాత్రం బ్రహ్మాండంగా వెడల్పయినట్టే ఉంటుంది, అచ్చు ప్రకటనలో చెప్పినట్టే. ఆ తీగని వెంటనే వెనక్కి పంపించెయ్యండి.