జాలికి ఎన్ని ఇంగ్లీషులు?

ఇంగ్లీషులో నాలుగు ముక్కలు జాగ్రత్తగా రాయాల్సి వస్తే మనవాళ్ళు చాలామంది థెసారస్ తిరగేస్తారు. ఒక మాట పక్కన పది మాటలుంటాయి; కాస్త బరువుగా కనబడ్డది ఏరుకుంటారు. ఇది అమరకోశం నుంచి వచ్చిన అలవాటేమోనని నా అనుమానం. పద్యం రాసేవాడికి గణం కుదిరితే చాలు, ఏ పర్యాయపదమైనా పనికొస్తుంది. ఇంగ్లీషు ఉత్తరానికి ఆ వెసులుబాటు లేదు.

పీటర్ మార్క్ రోజే అనే వైద్యుడు 1852లో థెసారస్ అచ్చువేసినప్పుడు, దగ్గరి అర్థాలున్న మాటల మధ్య తేడాలు తేల్చడం తన పని కాదని ముందే చెప్పుకున్నాడు. మాట తెలిసీ సమయానికి గుర్తురానివాడికే ఆ పుస్తకం. మనలాంటివాళ్ళకి పనికొచ్చేది అంతకు 58 ఏళ్ళ ముందే వచ్చింది: హెస్టర్ లించ్ పియోజీ రాసిన 'బ్రిటిష్ సినానిమీ' (1794), రెండు సంపుటాలు. ఆవిడ రెండో భర్త ఇటలీ నుంచి వచ్చిన సంగీతకారుడు. మాటల్లో ఏది ఎక్కడ వాడాలో విదేశీయులకి తెలియజెప్పాలని ఆవిడ తాపత్రయం. కబుర్లెక్కువ, సూత్రాలు తక్కువ. చెబుతూ చెబుతూ ఎక్కడికో వెళ్ళిపోతుంది. అయినా నా మట్టుకు నాకు రోజే పట్టీల కన్నా ఈ కబుర్లే నయం.

"పిటీ", "సింపతీ" తీసుకోండి. భర్త పోయిన పక్కింటి అమెరికన్ ఆవిడకి రాసిన ఉత్తరం ఒకాయన నాకు చూపించారు. "వుయ్ పిటీ యు" అని ఉంది. ఆయన మనసులో ఉన్నది "అయ్యో పాపం". మన "పాపం" పసిపిల్ల మీదా చెల్లుతుంది, మనకన్నా పెద్దవాళ్ళ మీదా చెల్లుతుంది. "పిటీ" అలా కాదు, పై మెట్టు మీద నిలబడి కిందకి చూస్తుంది. దుఃఖంలో ఉన్న మనిషికి అది గుచ్చుకుంటుంది. "వుయ్ ఆర్ సో సారీ" అని మార్పించాను. తప్పు చేసినవాడిలా క్షమాపణ ఎందుకండీ అని ఆయన సందేహం! న్యాయమైన సందేహమే.

వ్యుత్పత్తి ఇక్కడ అక్కరకి రాదు. "సింపతీ" గ్రీకు, "కంపాషన్" లాటిన్. విడదీస్తే రెండూ "కలిసి బాధపడటమే". వాడుకలో మాత్రం కార్డు మీద అచ్చయ్యేది సింపతీ. ఆ బాధ తీర్చడానికి ఏదైనా చెయ్యాలనిపించేది కంపాషన్. "ఎంపతీ" ఒక జర్మన్ మాటకి బదులుగా 20వ శతాబ్దం మొదట్లో పుట్టింది. ఆఫీసు ట్రెయినింగుల్లో పడి అప్పుడే అరిగిపోయింది.

ఇలాంటి తేడాలు మనకి కొత్తా? పేపర్లో "ప్రగాఢ సానుభూతి" అని వేస్తారు గాని "ప్రగాఢ జాలి" అని వెయ్యరు. గృహప్రవేశానికి పిలుస్తాం, "మా గృహానికి భోజనానికి రండి" అంటే నవ్వుతారు. ఇవి మనకెవరూ పాఠంగా చెప్పలేదు, చెవికి తెలుసు. ఇక్కడ పెరిగిన పిల్లలకి ఇంగ్లీషులో అదే చెవి ఉంది. ఉత్తరం చూపిస్తే "నాన్నా, ఇలా అనరు" అని చటుక్కున చెబుతారు. ఎందుకు అనరంటే చెప్పలేక భుజాలు ఎగరేస్తారు. ఆ "ఎందుకు" దగ్గరే పియోజీ రెండు సంపుటాలు రాసింది.