వస్తువు కాలేకపోయిన నొప్పి

అభ్యుదయ కవిత్వంలో పురిటినొప్పులకు కొదవ లేదు. పాత వ్యవస్థ నిండుచూలాలనీ, కొత్త సమాజం పుట్టబోతోందనీ, చిందుతున్నది ప్రసవరక్తమేననీ మన కవులు దశాబ్దాల తరబడి రాస్తూ వచ్చారు. ఈ ఉపమానం వెనక పెద్ద వంశమే ఉంది. 1867లో వెలువడిన 'పెట్టుబడి' మొదటి సంపుటంలో మార్క్స్ బలప్రయోగాన్ని మంత్రసానితో పోల్చాడు. పోలిక బలమైనదే, కాదనను. అయితే స్త్రీ దేహంలోని ఒక నొప్పి విప్లవానికే సంకేతం కాగలిగినప్పుడు, అదే దేహాన్ని నెలనెలా మెలిపెట్టే ఇంకొక నొప్పి మన సాహిత్యానికి వస్తువు ఎందుకు కాలేకపోయింది?

పురిటినొప్పికి ఫలితం ఉంది. లాఠీదెబ్బకు కొట్టినవాడున్నాడు, ఆకలికి దోచినవాడున్నాడు. మన విమర్శ ఈ రెండు రకాల నొప్పినే చూడడం నేర్చుకుంది. ఫలితమూ లేక, ఎదుట శత్రువూ కనిపించని నెలసరి నొప్పిని 'ప్రకృతి' ఖాతాలో రాసి ఊరుకున్నాం. ఒక కథల గోష్ఠిలో నేనీ మాటంటే ఒక పెద్దాయన "అందులో సంఘర్షణ ఎక్కడుందమ్మా?" అని అడిగారు. ఆ ప్రశ్నలో వ్యంగ్యం లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగారు గనక జవాబు చెప్పవలసిన బాధ్యత నా మీద ఉంది.

స్త్రీవాద సాహిత్యం వచ్చి మౌనాన్ని కొంత బద్దలు కొట్టిన మాట నిజం. కొండేపూడి నిర్మల 'లేబర్ రూం', పాటిబండ్ల రజని 'అబార్షన్ స్టేట్‌మెంట్', ఓల్గా 'అయోని' తెలుగు పాఠకుణ్ణి చూడనొల్లని చోటికి తీసుకెళ్ళాయి. మనవాళ్ళలో కొందరు దాన్ని శరీర కవిత్వమని పక్కకు నెట్టబోయారు; ఆ పాత తగవులోకి ఇప్పుడు వెళ్ళను. నేను గమనించినది వేరు. ప్రసవం, గర్భస్రావం, అత్యాచారం మూడూ సంఘటనలు. వాటికి తేదీ ఉంటుంది, ముందూ వెనకా ఉంటాయి. కథ అక్కడ నిలబడుతుంది. నెలసరి నొప్పి సంఘటన కాదు, అదొక పరిస్థితి. పదిహేనేళ్ళు, ఇరవయ్యేళ్ళు సాగుతుంది. మన కథాశిల్పం దాన్ని పట్టుకోలేకపోయింది.

ఇది కేవలం శిల్పానికి సంబంధించిన లోపమైతే ఇంత రాయనక్కర లేదు. ఈ నొప్పి వెనక చాలాసార్లు రోగం ఉంటుంది. గర్భాశయం లోపలి పొరను పోలిన కణజాలం బయట, అండాశయాల మీదా పేగుల మీదా పొత్తికడుపు పొర మీదా పెరగడాన్ని ఎండోమెట్రియోసిస్ అంటారు. అది వాస్తుంది, అవయవాలను ఒకదానికొకటి అతికిస్తుంది. ప్రపంచంలో పిల్లల్ని కనే వయసు స్త్రీలలో పదిమందిలో ఒకరికి, అంటే సుమారు 19 కోట్ల మందికి ఇది ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మామూలు స్కానింగులో ఏమీ కనబడనంత మాత్రాన రోగం లేదని కాదు. పుండు చిన్నదైనా నొప్పి పెద్దది కావచ్చు. అందువల్ల రోగిష్టి చెప్పే మాటే వైద్యుడికి మొదటి ఆధారం. పేరు తేలడానికి ఏళ్ళకేళ్ళు పట్టడం మన దగ్గరే కాదు, అన్ని దేశాల్లోనూ ఉన్నదే.

ఇక వర్గం సంగతి. 1940లలో అమెరికాలో జో మీగ్స్ అనే వైద్యుడు ఇది కలిగినవాళ్ళ ఇళ్ళలో, ఆలస్యంగా పెళ్ళాడి పిల్లల్ని వాయిదా వేసే స్త్రీలలో వచ్చే జబ్బని వాదించాడు. త్వరగా పెళ్ళి, త్వరగా పిల్లలు మందన్నాడు. 1976లో డొనాల్డ్ చాట్మన్ నల్లజాతి స్త్రీలను లాపరోస్కోపీతో పరీక్షించి చూపాడు: కటిభాగంలో ఇన్ఫెక్షన్ అని చీటీ రాయించుకున్నవారిలో చాలామందికి ఉన్నది ఎండోమెట్రియోసిస్సే. రోగం ఇద్దరికీ ఒకటే. డబ్బున్న ఆమెకు రోగం పేరు దొరికింది, లేని ఆమెకు అపవాదు దొరికింది. ఇంతకన్నా స్పష్టమైన వర్గ వాస్తవం మనకేం కావాలి?

మా జిల్లాకు వద్దాం. బోధన్ శక్కర్‌నగర్‌లో 1937లో పుట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబరులో మూతపడింది. కార్మికుల జీతాల గురించి, రైతుల చెరకు గురించి పాటలు కట్టాం, కట్టవలసిందే. చెరకు తోటలో కలుపు తీసి, ఆకు దూసి, గడ నరికిన ఆడకూలీ ఆ మూడు రోజులు ఎట్లా వంగి లేచిందో ఆ పాటల్లో లేదు. నిజామాబాద్ వాడకట్టుల్లో చాట ఒళ్ళో పెట్టుకుని పొద్దంతా కూర్చునే బీడీ కార్మికురాలికి కూలి వెయ్యి బీడీల లెక్కన వస్తుంది. నొప్పితో వంకర్లు తిరిగిన పూట చేయని బీడీలకు లెక్క లేదు. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకున్న గోళీ మింగి మళ్ళీ చాట ముందు కూర్చుంటుంది. సాధారణంగా అందులో ఉండేది మెఫెనమిక్ ఆసిడ్. ఆ మందుకు అరుదుగా తీవ్రమైన రియాక్షన్ రావచ్చని 2023 నవంబరులో ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ హెచ్చరించింది. చీటీ లేకుండా కొన్న మనిషికి ఆ హెచ్చరిక ఎవరు చదివి చెప్పాలి?

సాలూర దాటితే మహారాష్ట్ర. అక్కడి బీడ్ జిల్లా నుంచి చెరకు నరకడానికి వలసపోయే భార్యాభర్తలను కలిపి ఒకే కత్తిగా లెక్కగడతారు, పనికి రాని రోజుకు జరిమానా వేస్తారు. 2019లో ప్రభుత్వ కమిటీ ఆ జిల్లా చెరకు కూలి స్త్రీలను 82,309 మందిని సర్వే చేస్తే 13,861 మందికి గర్భసంచి తీసేసి ఉంది. మనం ముక్కు మీద వేలేసుకోనక్కర లేదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతమైతే ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. దేశంలో సగానికి పైగా స్త్రీలు చెప్పిన కారణం అధిక రక్తస్రావం లేదా నొప్పి. అనవసరపు ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలు అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించవలసి వచ్చింది. ఈ స్త్రీలందరికీ ఎండోమెట్రియోసిస్ ఉందని నేననడం లేదు. ఎవరికి ఉందో ఎవరికి లేదో ఆ లెక్కల్లో కనబడదు.

నా సంగతి కూడా చెప్పాలి. పదిహేనో ఏట మొదలైన నొప్పికి నాకు ఇరవై తొమ్మిదో ఏట పేరు దొరికింది. ఈలోగా "పెళ్ళయితే తగ్గుద్ది" అన్నారు, పెళ్ళయ్యాక "ఒక కాన్పయితే పోతది" అన్నారు. (మీగ్స్ పేరు విననివాళ్ళే మీగ్స్ వైద్యం చెప్పారు.) చివరకు లాపరోస్కోపీ చేయించుకోగలిగానంటే నాకు నెలజీతముంది, సెలవుంది, హైదరాబాద్‌లో దిగడానికి చుట్టాలిల్లుంది. మా వీధిలో బీడీలు చేసే వదినకు అవేవీ లేవు. ముప్పై రెండో ఏట ఒక నర్సింగ్ హోంలో ఆమెకు గర్భసంచి తీసేశారు, అండాశయాలు ఉంచారు. నొప్పి పోలేదు. పేగుల మీదో పొర మీదో రోగం మిగిలిపోయి ఉంటే గర్భసంచి తీసినంత మాత్రాన పోదు కూడా. "ముందుగాల నొస్తుందంటే ముట్టు నొప్పేనాయె అన్నరు. ఇప్పుడు ముట్టే లేదు గద, ఇంక నొప్పెక్కడిది అంటున్నరు. ఏం జెప్పాలె చెల్లె?" అని ఆమె నన్నడిగింది.

గోష్ఠిలో పెద్దాయన అడిగిన సంఘర్షణ ఇక్కడుంది. నాకు "ఏమీ లేదు" అన్నారు, ఆమెకు "తీసేద్దాం" అన్నారు. రెండు మాటల మధ్యా ఆస్తి తేడా ఉంది గాని రెండూ వినకపోవడం నుంచి పుట్టినవే. 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' వేసింది, పోరాటంలో ఉన్న స్త్రీలను వాళ్ళ మాటల్లోనే మాట్లాడనిచ్చి. ఆ పద్ధతి ఉద్యమ చరిత్రకే పరిమితం కానక్కర లేదు.

భాష సంగతి మరీ ముఖ్యం. గ్రాంథికం దగ్గర్నుంచి పత్రికల భాష దాకా ఈ నొప్పికి మనం వాడే మాట 'కడుపునొప్పి'. అజీర్తికీ అదే మాట, అపెండిసైటిస్‌కూ అదే మాట. 'బయటుంది', 'దూరముంది' అన్న మాటలు మనిషి ఎక్కడ కూర్చుందో చెబుతాయి, ఎక్కడ నొప్పి ఉందో చెప్పవు. ఆడవాళ్ళ మధ్య మాత్రం మాటలు పుష్కలంగా ఉన్నాయి: గుంజుడు, పిండుడు, తిప్పుడు, పొడుసుడు, ఇరుసుడు. ఒక్కొక్కటీ ఒక్కో చోటు, ఒక్కో తీరు. మాండలికం కావాలని గొంతెత్తిన మన తెలంగాణ కథకులు మగవాడి తిట్లను అచ్చంగా అక్షరాల్లోకి తెచ్చారు గాని ఈ మాటల్ని ఎందుకో వదిలేశారు.

కిందటేడు వదిన హైదరాబాద్ పోతుంటే ఆమె మాటలు ఆమె చెప్పినట్టే కాగితం మీద రాసిచ్చాను. "ముట్టు లేకున్నా నెలకొక్కసారి ఎప్పటి తీర్గనే నడుము ఇరుగుతది. కుడితొడ దాక గుంజుతది. దొడ్డికి కూసుంటే కత్తితోని పొడిసినట్టయితది. మూడు రోజులు ఉండి పోతది." డాక్టరమ్మ అది రెండుసార్లు చదివి, స్కానింగు రాయకముందు కుర్చీ దగ్గరికి జరుపుకుని ఇంకో నాలుగు ప్రశ్నలు అడిగిందట.