పెత్తనం లేని పెద్దరికం

కురబలకోట మండలంలో రిషి వ్యాలీ ఉంది. ఆ పేరు వినగానే అందరికీ గుర్తొచ్చేది పేరున్న రెసిడెన్షియల్ స్కూలు. చుట్టుపక్కల పల్లెల్లో ఆ సంస్థే నడిపే ఒంటి టీచరు బడుల సంగతి తెలిసినవాళ్లు తక్కువ. పదిమందిని నడిపించడమెలాగో నేర్చుకోవాలనుకునేవాళ్లను నేను అలాంటి ఒక చిన్న బడికే వెళ్లమంటాను.

గది ఒకటే, టీచరు ఒక్కరే. ఒకటి నుంచి ఐదు దాకా పిల్లలంతా అక్కడే. గోడకు ఒక చార్టు ఉంటుంది, దాన్ని నిచ్చెన అంటారు. నేర్చుకోవాల్సిందంతా దాని మీద మెట్లుమెట్లుగా పరిచి ఉంటుంది. ఒక్కో మెట్టుకు కొన్ని కార్డులు: కొత్త విషయం చెప్పేవి, సాధన చేయించేవి, వచ్చిందో లేదో చూసేవి, రాకపోతే మళ్లీ చేయించేవి. ప్రతి కార్డు మీదా ఒక బొమ్మ గుర్తు, ఒక అంకె. అక్షరాలింకా రాని బిడ్డ కూడా ఆ గుర్తు చూసుకుని ట్రేలోంచి తన కార్డు తానే తీసుకుంటుంది. కొత్త పాఠమైతే టీచరు పక్కకు చేరుతుంది, సాధనైతే తోటిపిల్లలతో కూర్చుంటుంది, వచ్చేసిన పనైతే ఒక్కతే చేసుకుంటుంది.

చెనిక్కాయలు పెరికే రోజుల్లో వారం బడి మానిన పిల్ల తిరిగొచ్చిందనుకోండి. ఆగిన మెట్టు దగ్గరే మళ్లీ మొదలుపెడుతుంది. ‘వెనకబడ్డావు’ అన్న మాటకు ఆ గదిలో చోటే లేదు.

ఈ పనితనం వెనక ఒక నమ్మకముంది. 1895లో మదనపల్లెలో పుట్టి, రిషి వ్యాలీని స్థాపించిన జిడ్డు కృష్ణమూర్తి, భయమూ పోలికా ఉన్నచోట చదువు సాగదన్నారు. తనను జగద్గురువుగా నిలబెట్టేందుకు పెట్టిన ఆర్డర్ ఆఫ్ ద స్టార్ అనే సంస్థను 1929లో తానే రద్దు చేశారు. ఆ నమ్మకాన్ని వై.ఎ. పద్మనాభరావు, ఎ. రమ తోటి ఉపాధ్యాయులతో కలిసి కార్డుల్లోకి దింపారు. 1995లో కర్ణాటకలోని హెగ్గడదేవనకోటెలో మొదలైన నలి-కలి అనే బోధన పద్ధతికీ, తర్వాత చెన్నై కార్పొరేషన్ బడుల్లో వచ్చిన పద్ధతికీ స్ఫూర్తి ఇక్కడిదే.

పెత్తనం వద్దనుకున్న పెద్దకు పని తగ్గదు, పెరుగుతుంది. పిల్ల తనంతట తాను కార్డు తీసుకోవాలంటే ఆ కార్డును ముందుగా ఎవరో ఎంతో ఓపికగా తయారుచేసి, బడిలో వాడి చూసి, దిద్దాలి. వదిలేయడం వేరు, అప్పగించడం వేరు. గొంతు పెంచకుండా అన్ని తరగతుల మధ్యా చాప మీద కూర్చునే ఆ టీచరు నిబ్బరం ఈ ముందుచూపులోంచి వచ్చిందే.

మీ చేతి కింద నలుగురు పనిచేస్తుంటే ఒక్కసారి ఆలోచించండి. రేపు మీరు రాకపోతే, తమ తర్వాతి మెట్టు ఏదో వాళ్లలో ఎంతమందికి తెలుసు?