వేడితో బేరం

1973లో బీఎండబ్ల్యూ ‘2002 టర్బో’ అనే కారును విడుదల చేసింది. రెండు లీటర్ల పెట్రోల్ ఇంజిన్, 170 హార్స్‌పవర్. ఆ రోజుల్లో అది కుర్రకారు కలల బండి, చేయి తిరిగినవాడు కూడా వానరోడ్డు మీద జాగ్రత్తగా తోలాల్సిన బండి. 2019లో మన దేశంలో అమ్మకానికి వచ్చిన హ్యుందాయ్ వెన్యూ టర్బో ఇంజిన్ 998 సీసీ, అంటే దానిలో సగం. శక్తి మాత్రం 120 హార్స్‌పవర్. లీటరు లెక్కన చూస్తే ఆ స్పోర్ట్స్ కారు 85 దగ్గర ఆగిపోయింది, పిల్లల్ని బడిలో దింపి కూరగాయలకు వెళ్లే బండి 120 అందుకుంది. రెండింటిలోనూ టర్బో చేసే పని ఒక్కటే. మరి ఇంత తేడా ఎలా వచ్చింది? టర్బో మెరుగుపడిందంటే అది సగం జవాబే. టర్బో చుట్టూ ఉన్న ఇంజిన్ వేడిని సంబాళించుకునే తీరు మారింది, మిగతా సగం అందులో ఉంది. పాత టర్బో ఇంజిన్ వేడికి భయపడి తన బలాన్నే తగ్గించుకుంది. కొత్తది వేడితో బేరమాడటం నేర్చుకుంది. ఆ బేరసారాల చరిత్ర చాలావరకు ఒక్క అంకెలో చదవొచ్చు. అది కంప్రెషన్ రేషియో.

కమ్మరి కొలిమికి తిత్తి ఎలాగో ఇంజిన్‌కు టర్బో అలాగ. గాలి ఎక్కువ ఊదితే ఎక్కువ బొగ్గు ఒకేసారి కాలి మంట పెరుగుతుంది. కాకపోతే ఇక్కడ తిత్తిని ఆడించేది సైలెన్సర్ దారిన వృథాగా పోయే వేడి వాయువు. అది ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు అవతలి చివరనున్న మరో చక్రం బయటి గాలిని పీల్చి, నొక్కి, సిలిండర్లలోకి తోస్తుంది. చిన్న కార్లలో ఈ ఇరుసు నిమిషానికి రెండు లక్షల చుట్ల దాకా తిరగగలదు. స్విట్జర్లాండ్ ఇంజినీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూషి 1905లోనే ఈ ఊహకు పేటెంటు తీసుకున్నాడు. ఓడల్లోనూ లారీల్లోనూ డీజిల్ ఇంజిన్లు దాన్ని హాయిగా ఇముడ్చుకున్నాయి. డీజిల్ ఇంజిన్ నొక్కేది గాలిని మాత్రమే, ఇంధనం చివర్లో పడుతుంది. ముందుగా అంటుకోవడానికి అక్కడ ఏమీ ఉండదు. ఆనాటి పెట్రోల్ ఇంజిన్‌లో గాలీ పెట్రోలూ కలిసే నలిగేవి. నొక్కిన గాలి వేడెక్కుతుందని సైకిల్ పంపు కొట్టిన ప్రతివారికీ తెలుసు. ఆ వేడి హద్దు మీరితే, స్పార్క్ ప్లగ్ దగ్గర పుట్టిన మంట ఇంకా చేరకముందే మూలనున్న మిశ్రమం తనంతట తానే భగ్గుమంటుంది. మెకానిక్కులు దీన్ని నాకింగ్ అంటారు. చెవికి చిన్న టకటకే గాని, ఆగకుండా సాగితే పిస్టన్‌కు చిల్లు పెట్టగలదు.

పిస్టన్ అడుగున ఉన్నప్పుడు సిలిండర్‌లో ఉన్న చోటు, పైకి వచ్చాక మిగిలే చోటుకు ఎన్ని రెట్లో చెప్పేదే కంప్రెషన్ రేషియో. పది అంటే పది గ్లాసుల మిశ్రమాన్ని ఒక్క గ్లాసులోకి కుక్కడం. ఈ అంకె పెరిగేకొద్దీ అదే పెట్రోల్ నుంచి ఎక్కువ పని పిండుకోవచ్చు, వేడి కూడా అంతకంతా పెరుగుతుంది. టర్బో గాలిని ముందే నొక్కి పంపుతోంది కాబట్టి లోపల నొక్కడం తగ్గించాలని పాతకాలపు ఇంజినీర్లు తేల్చుకున్నారు. బీఎండబ్ల్యూలో టర్బో లేని 2002 టీఐఐకి ఈ అంకె 9.5, టర్బో కారుకు 6.9. 1975 నాటి పోర్షే 911 టర్బోకు ఏకంగా 6.5. టర్బో గట్టిగా ఊదేటప్పుడు ఈ లోటు తెలియదు. ఊరి ట్రాఫిక్‌లో ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు చక్రానికి చాలినంత వాయువు అందదు, లోపలి కంప్రెషనూ తక్కువే. అప్పుడది టర్బో లేని ఇంజిన్ కంటే నీరసంగా కదులుతుంది. యాక్సిలరేటర్ తొక్కాక ఒకటి రెండు క్షణాలు ఏమీ జరగదు, తర్వాత వీపు మీద తోసినట్టు బండి దూకుతుంది. చాలామంది ఈ ఆలస్యాన్ని టర్బో చక్రం బరువు మీదికే తోసేస్తారు. తక్కువ కంప్రెషన్ కూడా అందులో భాగస్వామే. అది చాలదన్నట్టు, లోపలి వేడిని చల్లార్చడానికి అవసరానికి మించి పెట్రోల్ పోసేవారు. మైలేజీ అలా ఆవిరైపోయేది.

ఎక్కువ కంప్రెషన్‌తోనే టర్బో నడపాలన్న కోరిక అంతకుముందే పుట్టింది. 1962లో అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ వచ్చింది. 3.5 లీటర్ల వీ8 ఇంజిన్, కంప్రెషన్ 10.25, ఈనాటి ఇంజిన్లకు దీటైన అంకె. నాకింగ్‌ను ఆపడానికి వాళ్లు వాడిన ఉపాయం ఒక సీసా. అందులో స్వేదనజలం, మిథనాల్, తుప్పు పట్టనివ్వని రసాయనం కలిపి ఉండేవి. టర్బో గట్టిగా ఊదినప్పుడు ఆ ద్రవం గాలితో పాటు లోపలికి చిమ్మి, ఆవిరవుతూ మిశ్రమాన్ని చల్లబరిచేది. శాస్త్రం చక్కగానే కుదిరింది, మనుషులతోనే కుదరలేదు. సీసా నింపడం చాలామంది మరిచిపోయారు. అది ఖాళీ అయితే ఇంజిన్ తనను కాపాడుకోవడానికి టర్బో ఒత్తిడిని తగ్గించుకునేది, కొన్నవాడికి మాత్రం బండిలో జీవం లేదనిపించేది. చివరికి కంపెనీయే టర్బోలు ఊడదీసి మామూలు కార్బ్యురేటర్ బిగించి ఇచ్చింది. డెబ్బై, ఎనభైల టర్బో కార్లకూ ఇలాంటి చాదస్తాలు తప్పలేదు. దూరప్రయాణం నుంచి వచ్చి వెంటనే ఇంజిన్ కట్టేస్తే టర్బో బేరింగుల్లో నిలిచిన నూనె మాడి బొగ్గయ్యేది, అందుకని ఒకటి రెండు నిమిషాలు ఊరకే నడిపి ఆపమనేవారు. పాత టర్బో తన జాగ్రత్తల భారాన్ని డ్రైవర్ నెత్తిన పెట్టింది.

ఆ భారాన్ని తనమీద వేసుకునే ఇంజిన్‌కు దారి తీసిన సంస్థల్లో స్వీడన్‌కు చెందిన సాబ్ ముఖ్యమైనది. 1977లో చూపిన ‘99 టర్బో’లో పెర్ గిల్‌బ్రాండ్ బృందం పెద్ద టర్బో జోలికి పోలేదు. తేలిగ్గా, త్వరగా తిరిగే చిన్న టర్బో పెట్టి, ఒత్తిడి హద్దు దాటితే వాయువును పక్కదారి పట్టించే వేస్ట్‌గేట్ అనే కవాటాన్ని జతచేశారు. పందెంలో గెలవడం కంటే ముందున్న లారీని దాటడం సంసారికి ముఖ్యమని వాళ్ల లెక్క. ఆ కారు కంప్రెషన్ 7.2 మాత్రమే. అసలు మలుపు ఎనభైల మొదట్లో ఏపీసీ అనే ఏర్పాటుతో వచ్చింది. ఇంజిన్ గోడకు బిగించిన చిన్న సెన్సర్ నాకింగ్ శబ్దాన్ని వింటుంది, వినబడగానే టర్బో ఒత్తిడి తగ్గుతుంది, సద్దుమణిగాక మళ్లీ పెరుగుతుంది. అంతవరకు ఇంజినీరు ఎక్కడో బంకులో నాసిరకం పెట్రోల్ దొరుకుతుందేమోనని భయపడి ఇంజిన్ మొత్తాన్నీ ఆ భయానికి తగ్గట్టు బిగించేవాడు. ఇప్పుడు ఇంజిన్ తనకు పోసిన పెట్రోల్‌ను బట్టి అప్పటికప్పుడు సర్దుకుంటుంది. ఆ ధీమాతో కంప్రెషన్ 8.5కు ఎక్కింది.

తర్వాతి పెద్ద అడుగు పెట్రోల్‌ను సిలిండర్ బయట కాకుండా నేరుగా లోపలే చిమ్మడం. చెమట ఆరేటప్పుడు ఒళ్లు చల్లబడ్డట్టే, పెట్రోల్ లోపల ఆవిరవుతూ అక్కడి గాలిని చల్లబరుస్తుంది. జెట్‌ఫైర్ సీసా చేసిన పనిలో కొంత ఇప్పుడు పెట్రోలే చేస్తుంది, ఎవరూ దేన్నీ నింపనక్కర్లేదు. 2004లో ఆడి తెచ్చిన రెండు లీటర్ల టీఎఫ్ఎస్ఐ ఇంజిన్‌కు కంప్రెషన్ 10.5, శక్తి 200 హార్స్‌పవర్. అంతకంటే ముఖ్యంగా, దాని పూర్తి టార్క్, అంటే తిప్పే బలం, 1,800 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) నుంచి 5,000 వరకు బల్లపరుపుగా అందింది. ఇందులో మరో కిటుకు కూడా ఉంది. నెమ్మదిగా తిరిగేటప్పుడు లోపలికి, బయటికి వెళ్లే వాల్వులను కాసేపు ఒకేసారి తెరిచి ఉంచితే, తాజా గాలి పాత వాయువును ఊడ్చుకుంటూ పోయి టర్బో చక్రాన్ని ముందే తిప్పుతుంది. పాత పద్ధతిలో ఆ గాలితో పాటు పెట్రోలూ బయటికి కొట్టుకుపోయేది. ఇప్పుడు బయటికి వెళ్లే వాల్వు మూసుకున్నాకే పెట్రోల్ పడుతుంది కాబట్టి ఆ నష్టం లేదు. ఇక గాలిని దారిలో చల్లార్చే ఇంటర్‌కూలర్ 1975 పోర్షేలో లేదు, 1978లో వచ్చింది. ఇప్పుడది లేని టర్బో పెట్రోల్ కారు కనబడటమే అరుదు. చాలా చిన్న ఇంజిన్లలో వేడి వాయువు పోయే గొట్టాలను కూడా సిలిండర్ హెడ్‌లోనే పోతపోసి నీటితో చల్లబరుస్తున్నారు.

టర్బో మాత్రం మారలేదా అంటే, మారింది, వేడి ఒప్పుకున్న మేరకు. చక్రం చుట్టూ రెక్కలు అమర్చి, వాటి వాలు మారుస్తూ తక్కువ వాయువుతోనూ చక్రాన్ని వేగంగా తిప్పడం డీజిల్ కార్లకు తొంభైల నుంచే అలవాటు. పెట్రోల్ ఇంజిన్ వదిలే వాయువు దాదాపు వెయ్యి డిగ్రీల సెల్సియస్‌కు చేరుతుంది, అంత సెగలో ఆ రెక్కలు బిగుసుకుపోకుండా కదలాలి. 2006లో పోర్షే 911 టర్బో దాన్ని సాధించింది. 2017 నాటికి ఫోక్స్‌వ్యాగన్ 1.5 లీటర్ల ఇంజిన్‌లో ఒక రకం అలాంటి టర్బోతోనే 12.5 కంప్రెషన్ అందుకుంది. 6.5 నుంచి 12.5 దాకా సాగిన ఈ ప్రయాణం వేడిని ఒక్కొక్క మెట్టు దింపుతూ వచ్చిన ఇంజినీర్ల కథ.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. పాతవి మొరటువైనా నిలబడ్డాయి, కొత్తవి సున్నితం, పాడైతే జేబుకు చిల్లు అంటారు. ఇందులో నిజం లేకపోలేదు. పెట్రోల్ నేరుగా లోపల పడటంతో వాల్వుల వెనకభాగాన్ని కడిగేది ఏదీ లేక అక్కడ మసి పేరుకుంటుంది. తక్కువ వేగంలో ఎక్కువ ఒత్తిడి పడినప్పుడు స్పార్క్ రాకముందే మిశ్రమం అంటుకునే కొత్త జబ్బు కూడా పుట్టింది. ఇంజిన్ ఆయిల్‌లో కలిపే కాల్షియం దానికి ఆజ్యం పోస్తుందని తేలడంతో, 2018లో అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ ‘ఎస్ఎన్ ప్లస్’ అనే ప్రత్యేక ప్రమాణమే తెచ్చింది. అంటే జాగ్రత్త అవసరం మాయం కాలేదు, చోటు మారింది. ఒకప్పుడు డ్రైవర్ పాదానికీ ఓపికకూ ఉన్న పరీక్ష ఇప్పుడు సర్వీసింగ్‌కు వచ్చింది. కంపెనీ చెప్పిన రకం ఆయిల్‌ను చెప్పిన గడువులో మార్చేవారికి కొత్త ఇంజిన్ కష్టపెట్టదు, చవక ఆయిల్‌తో సరిపెట్టేవారిని వదిలిపెట్టదు. పాతవాటి మన్నిక గురించి మాట్లాడేటప్పుడు, ఈనాటికీ రోడ్డు మీద మిగిలినవి యజమానులు ప్రాణంగా చూసుకున్న బండ్లేనని కూడా గుర్తుంచుకోవాలి.

కాగితం మీది మైలేజీ రోడ్డు మీద రాదన్నది రెండో ఫిర్యాదు. చిన్న ఇంజిన్ పొదుపు నిదానంగా నడిపినప్పుడే దక్కుతుంది. గాలి ఎక్కువ ఊదితే పెట్రోలూ ఎక్కువ పోయాల్సిందే. నిత్యం గట్టిగా తొక్కేవారికి చిన్న టర్బో పెద్ద ఇంజిన్ అంతే తాగుతుంది. ఇది ఇంజిన్ మోసం చేయడం కాదు, తోలేవారి పాదం రాసిన లెక్క. మన దేశంలో ఈ చిన్న టర్బోలు ఇంతగా పెరగడానికి పన్నుల చట్టం కూడా ఒక కారణం. నాలుగు మీటర్ల పొడవు, 1,200 సీసీ దాటని పెట్రోల్ కార్లకు పన్ను తక్కువ. 2025 సెప్టెంబరు 22 నుంచి వీటికి జీఎస్టీ 18 శాతం, ఆ హద్దు దాటినవాటికి 40 శాతం. ఆ గీత లోపలే ఉంటూ పెద్ద ఇంజిన్ సత్తువ ఇవ్వాలంటే కంపెనీలకు టర్బో కంటే దగ్గరి దారి లేదు. ఇక పాత టర్బో తోసిన తోపులోని మజా కొత్తదానిలో లేదనే రసికులతో వాదించలేం. ఆ మజా నిజమే. అది ఇంజిన్ బలహీనత నుంచి పుట్టిన మజా అన్నదీ నిజమే.

కాబట్టి టర్బో కారు కొనేవారు వెనక డిక్కీ మీద అతికించిన అక్షరాల కంటే వివరాల పుస్తకంలో మూడు అంకెలు చూడటం మేలు. కంప్రెషన్ రేషియో ఎంతో చూస్తే ఆ ఇంజిన్ వేడిని ఎంతవరకు అదుపులో పెట్టిందో తెలుస్తుంది. పూర్తి టార్క్ ఎన్ని ఆర్‌పీఎం దగ్గర మొదలవుతుందో చూస్తే ఊరి ట్రాఫిక్‌లో ఎలా కదులుతుందో తెలుస్తుంది. ఎన్ని కిలోమీటర్లకు ఏ రకం ఆయిల్ మార్చమన్నారో చూస్తే, ఇంజిన్ తనమీద వేసుకోకుండా మనకు మిగిల్చిన భారం ఎంతో తెలుస్తుంది.