సుబ్బారావుగారి మందు, 50 కోట్ల అడుగులు

యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టారని మా డెల్టాలో చాలామందికి తెలుసు. అమెరికాలో ఆయన బృందం పని నుంచి వచ్చిన మెథోట్రెక్సేట్‌ను డాక్టర్లు రక్తకేన్సర్‌కీ, కీళ్లవాతానికీ ఇప్పటికీ రాస్తున్నారు. అది మన ఒంట్లో డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అనే ఎంజైముకి అడ్డుపడుతుంది.

అణువుల కదలికలను కంప్యూటర్లో నడిపించే మాలాంటివాళ్లకి ఈ ఎంజైము బాగా పరిచయం. ప్రోగ్రాముల వేగాన్ని చాలా ఏళ్లుగా దీనిమీద కొలుస్తున్నారు. చుట్టూ నీళ్లతో కలిపి 23,558 పరమాణువులు. కదలికను చిన్న చిన్న కాలపు అడుగులుగా లెక్కిస్తాం. అడుగుకి రెండు ఫెమ్టోసెకన్లు చొప్పున, సెకనులో పదిలక్షో వంతు చూడాలన్నా 50 కోట్ల అడుగులు పడతాయి. బంధాలను స్ప్రింగులనుకునే పాత సూత్రాలు చకచకా నడుస్తాయి గానీ, ఆ స్ప్రింగు తెగదు కాబట్టి రసాయన చర్య కనపడదు. క్వాంటమ్ లెక్కలో కనపడుతుంది. కాకపోతే మామూలుగా అణువు పరిమాణం రెట్టింపయితే పని ఎనిమిది రెట్లవుతుంది.

కొన్ని క్వాంటమ్ లెక్కలు చేసి, వాటినుంచి న్యూరల్ నెట్‌వర్క్‌కి అణువు శక్తిని అంచనా వేయడం నేర్పే దారిని 2007లో బేలర్, పారినెల్లో చూపించారు. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో దేవ ప్రియకుమార్ బృందం 2020లో ప్రచురించిన 'బ్యాండ్ ఎన్‌ఎన్' నాకు నచ్చింది. బంధాలు, కోణాలు, మెలికలు, బంధం లేని జంటలు అనే పాత సూత్రాల విభజనను వాళ్లు పారేయలేదు. ఒక్కో భాగాన్నీ నెట్‌వర్క్‌కి అప్పగించారు.

అది చదువుకున్నది ఏఎన్‌ఐ-1 అనే క్వాంటమ్ లెక్కల సంచయం నుంచి. అందులో ఉన్నవి హైడ్రోజన్, కార్బన్, నైట్రోజన్, ఆక్సిజన్ మాత్రమే. మెథోట్రెక్సేట్‌లో ఉన్నవీ ఆ నాలుగే! సంబరపడేలోపు ఎంజైముకి తోడుండే ఎన్‌ఏడీపీహెచ్‌లో ఫాస్ఫరస్ ఎదురవుతుంది. తెలియని మూలకమైతే ప్రోగ్రాము ఆగిపోతుంది, అది నయం. తెలిసిన మూలకాలే ఎన్నడూ చూడని ఆకారంలో వస్తే, నెట్‌వర్క్ తడుముకోకుండా ఏదో ఒక అంకె చెప్పేస్తుంది. అందుకే గట్టు తగువులో పెద్దమనుషులను విడివిడిగా అడిగినట్టు, వేర్వేరుగా నేర్పిన నాలుగైదు నెట్‌వర్కులను అడుగుతాం. మాటలు కలవని చోట ఆ ఆకారానికి క్వాంటమ్ లెక్క చేసి, మళ్లీ నేర్పుతాం. నా దృష్టిలో పనితనమంతా ఇక్కడే ఉంది, వేగంలో కాదు.

ఆ వేగం కూడా క్వాంటమ్‌తో పోలిస్తేనే. స్ప్రింగులకంటే నెట్‌వర్క్ నెమ్మదే. కనుక మందుకి మాత్రం నెట్‌వర్క్ పెట్టి, ఎంజైమునూ, ఎన్‌ఏడీపీహెచ్‌నూ, నీళ్లనూ స్ప్రింగులకే వదిలేసే పద్ధతి ఒకటుంది. ఫాస్ఫరస్ గొడవ తప్పుతుంది. అయితే ఒంట్లో మెథోట్రెక్సేట్ విద్యుదావేశంతో ఉంటుంది. ఏఎన్‌ఐ-1లోవి ఆవేశం లేని అణువులు. ముందు ఆవేశమున్న ముక్కలకి క్వాంటమ్ లెక్కలు చేసుకోవాలి.